శనివారం ఒక్కరోజే తలుపు తీసే మా మాలకొండ స్వామి

మాలకొండ గుడి వారంలో ఒక్క శనివారమే తీస్తారు. మిగతా ఆరు రోజులూ తాళమే. ఈ మాట హైదరాబాదులో ఎవరితో అన్నా ముందు నమ్మరు, ఆ తర్వాత "అదేం గుడండీ?" అని అడుగుతారు. కందుకూరు, పామూరు, కనిగిరి వైపు పుట్టినవాళ్లకి మాత్రం ఇందులో వింతేమీ ఉండదు. మాకు ఊహ తెలిసేటప్పటికే ఆ సంగతి తెలుసు. ఆ నరసింహస్వామిని చూడాలంటే శనివారం పోవాలి, మొక్కు తీర్చుకోవాలి, పొద్దుగూకాక దిగి వచ్చేయాలి. తర్వాత ఎంత పెద్ద కష్టం వచ్చినా, ఎంత పెద్దమనిషి వచ్చినా మళ్లీ శనివారం దాకా ఆగాల్సిందే.

కొండ ఉండేది వలేటివారిపాలెం మండలంలో, కందుకూరు నుంచి పామూరు పోయే దారి వైపు. నేను పుట్టేసరికి అదంతా ప్రకాశం జిల్లా. మా తాతకి మాత్రం చివరిదాకా నెల్లూరు జిల్లాయే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలని నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. తాత ఉత్తరాల మీద చాన్నాళ్ల పాటు పాత జిల్లా పేరే రాసేవాడు, ఆ ఉత్తరాలు చేరేవి కూడా. 2022లో జిల్లాలు మళ్లీ విడగొట్టినప్పుడు కందుకూరుతో పాటు మాలకొండ కూడా తిరిగి నెల్లూరులో కలిసింది. తాత బతికుంటే ఆ రోజు ఊరంతా టీలు తాగించేవాడు.

శనివారం కథ నాకు చెప్పింది మా నాయనమ్మ. స్థలపురాణంలో ఉన్నది, ఆవిడ చెప్పింది దాదాపు ఒకటే. కాకపోతే ఆవిడ చెబుతుంటే అదంతా మా పక్క వీధిలో జరిగినట్టే ఉండేది. వింధ్య పర్వతం పెరిగి పెరిగి సూర్యుడికే అడ్డం పడితే, దాని తల వంచి దక్షిణానికి వచ్చాడు అగస్త్య మహర్షి. నేను తిరిగొచ్చేదాకా ఇట్టాగే ఉండు అని వింధ్యకి చెప్పి వచ్చాడు, మళ్లీ పోలేదు. ఈ కొండ మీద కూర్చుని నరసింహస్వామి కోసం తపస్సు చేశాడు. హిరణ్యకశిపుణ్ణి చంపినప్పటి మంట ఇంకా చల్లారని రూపంలో, జ్వాలా నరసింహుడిగా స్వామి ప్రత్యక్షమయ్యాడు. ఏం కావాలో కోరుకోమంటే, నువ్వు ఈ కొండ మీదే ఉండిపోవాలి అన్నాడు మహర్షి. సరేనన్నాడు స్వామి. వారంలో ఆరు రోజులు దేవతలు, రుషులు, యక్షులు, గంధర్వులు, కిన్నెర కింపురుషులు వచ్చి పూజలు చేసుకుంటారు. శనివారం ఒక్కటే మనుషులది.

కొండ గురించి ఇంకో కథ ఉంది. స్వామి మెడలోని వనమాలే ఈ కొండగా వెలిసిందని, అందుకే మాల్యాద్రి అయిందని. నాయనమ్మకి ఆ కథ మీద అంత పట్టు లేదు, రెండు ముక్కల్లో తేల్చేసేది. ఆవిడకి ముఖ్యం ఆ ఆరు రోజులే. "శనివారం తప్ప ఆ కొండెక్కబాకండిరా. అవి వాళ్ల రోజులు. మనం పోతే వాళ్ల పూజకి అడ్డం" అనేది. మా మిద్దె మీద నిలబడితే ఎండాకాలం పొద్దున పడమటి వైపు కొండలు నల్లటి గీతగా కనపడేవి. శుక్రవారం రాత్రి అక్కడేదైనా వెలుగు కదులుతుందేమోనని పిల్లలం కళ్లు చిట్లించుకుని చూసేవాళ్లం. చూశానని ప్రమాణం చేసి చెప్పినవాళ్లు మాలో ఉన్నారు. నేనూ చూశాననే అనుకునేవాణ్ణి.

పెద్దయ్యాక మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే నాకు ఆ కొండ ఉన్న చోటే ఆశ్చర్యంగా అనిపించింది. పడమర అహోబిలం. వాయవ్యంలో శ్రీశైలం. దక్షిణాన తిరుమల. ఈశాన్యంలో అద్దంకి దగ్గర శింగరకొండ. కింద ఆంజనేయస్వామిని చూసి వచ్చేస్తారు గాని, అక్కడ కూడా కొండ మీద ఉన్నది నరసింహుడే. సముద్రం వైపు సింగరాయకొండలో వరాహ నరసింహుడు. నెల్లూరు పక్కన పెన్న ఒడ్డున నరసింహకొండ. రాపూరు అడవుల్లో పెంచలకోన. మా రెండు జిల్లాల్లో ఏ పెద్ద కొండ ఎక్కినా దాదాపు ఈయనే ఎదురొస్తాడు. ఎందుకిలా అని మా తెలుగు మాస్టారిని అడిగితే, "వానలు నమ్ముకోలేని నేలరా ఇది, ఇక్కడి మనిషికి శాంతంగా పడుకున్న దేవుడు సరిపోడు, స్తంభం చీల్చుకుని వచ్చేవాడు కావాలి" అన్నాడు. ఏ పరిశోధనలోనైనా ఇలా రాశారో లేదో గాని, నాకు ఇప్పటికీ అంతకంటే నచ్చిన జవాబు దొరకలేదు.

ఈ గుడి చరిత్ర అంటే రాజులూ శాసనాలే అనుకునేవాళ్లు మా వైపు ఏ బడికైనా పోయి హాజరు పట్టీ తీసి చూడాలి. మాలకొండయ్య, మాలకొండారెడ్డి, మాలకొండరాయుడు, మాల్యాద్రి, మాలకొండమ్మ. కులం ఏదైనా, ఆస్తి ఎంతున్నా ఈ పేర్లు అందరిళ్లలోనూ ఉంటాయి. మా క్లాసులో "మాల్యాద్రీ" అని పిలిస్తే నలుగురైదుగురు లేచేవాళ్లు. అందుకని మాస్టర్లు ఇంటిపేరు ముందు పెట్టి పిలిచేవాళ్లు, ఒకే ఇంటిపేరు వాళ్లు ఇద్దరుంటే ఊరి పేరు పెట్టేవాళ్లు. ఒక్కో పేరు వెనకా ఒక మొక్కు. పిల్లలు నిలవని ఇంట్లో నిలిచిన పిల్లవాడు, జ్వరం నుంచి బయటపడ్డ పిల్ల, కోర్టు కేసు గెలిచిన ఏడాది పుట్టినవాడు. మా చిన్నాన్న కంటే ముందు ఇద్దరు పోయారట. మూడోవాణ్ణి కడుపులో మోస్తూ నాయనమ్మ నడిచి కొండెక్కింది. ఆయన పేరు వేరే ఏం పెడతారు? కందుకూరులో పొగాకు వేలం జరిగే చోట నిలబడి "మాలకొండయ్యా" అని ఒక్క కేక వేస్తే, పొగాకు బేళ్ల దగ్గర తలలు వంచుకున్న రైతులు ఎంతమంది వెనక్కి తిరుగుతారో చూసినవాణ్ణి నేను.

కొండకి పోవడం అంటే శుక్రవారం మధ్యాహ్నమే మొదలయ్యేది. నాయనమ్మ రోజుల్లో గూడుబళ్లు కట్టుకుని పోయేవాళ్లట. రాత్రంతా ప్రయాణం, ఎద్దుల మెడల్లో గంటల చప్పుడు, బండి కింద వేలాడే లాంతరు. నా కాలానికి బస్సులు వచ్చాయి. శనివారం మాత్రం కందుకూరు బస్టాండులో ఏ బస్సు చూసినా మాలకొండ బోర్డే. పల్లెల నుంచి ట్రాక్టర్లు కూడా వచ్చేవి, ట్రక్కులో వరిగడ్డి పరిచి, దాని మీద పట్టాలు వేసి, ఇంటిల్లిపాదీ. మా ఇంట్లో కొత్త కుండ, బియ్యం, బెల్లం, పెసరపప్పు, ఎండు పుల్లలు ఒక మూటగా కట్టేవాళ్లు. పుల్లలు అక్కడ కూడా దొరుకుతాయి, కానీ నాయనమ్మ ఒప్పుకునేది కాదు. స్వామి పొంగలి మన ఇంటి కట్టెలతోనే పొంగాలి అనేది.

ఆ పొంగలి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మూడు రాళ్లు ఏరుకొచ్చి పెట్టేది. రాళ్లకి పసుపు రాసి బొట్లు పెట్టేది. కుండ మెడకి పసుపు కొమ్ము కట్టి, ఎసరు మరిగేదాకా ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. చుట్టూ వందల పొయ్యిలు. పొగకి కళ్లు మండిపోతుంటాయి, పక్క పొయ్యి వాళ్ల పిల్ల ఏడుస్తుంటుంది, ఇంకోవైపు గుండు చేయించుకున్న పిల్లలు తలకి గంధం పూయించుకుని పరుగులు తీస్తుంటారు. ఉన్నట్టుండి ఎవరి కుండో పొంగుతుంది. "గోవిందా" అని అరుస్తారు. ఆ కేక అందుకుని మొత్తం కొండంతా అరుస్తుంది. మన కుండ పొంగినప్పుడు కూడా ముక్కూ మొహం తెలియని వాళ్లు అంతే గట్టిగా అరుస్తారు. నాయనమ్మ అప్పుడు మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకునేది, పొగ అనేది. అడుగున కాస్త మాడి, బెల్లం పాకం అంటుకున్న ముద్దని గోకి నా చేతిలో పెట్టేది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న నాన్న కూడా ఆ మాడు ముద్ద కోసం చెయ్యి చాపేవాడు.

దర్శనం అయ్యాక చాలామంది అక్కడితో దిగిపోరు. అసలు సంగతి ఇంకా పైన ఉంది.

స్వామి గుడి దాటి పైకి పోతే అమ్మవారు. ఆవిడ దగ్గరికి దారి రెండు బండల మధ్య నుంచి. స్వామి మీద అలిగి అమ్మవారు పైకి వెళ్లిపోతుంటే పెద్ద బండ అడ్డం వచ్చిందట. తల్లి దాని ముందు నిలబడింది. ఆ బండ నూలు పంచె నిలువునా చించినట్టు రెండుగా చీలి దారి ఇచ్చింది. అలక ఎందుకొచ్చిందో మాత్రం ఇంటికో రకంగా చెబుతారు. ఆయన రుషుల మాటల్లో పడి ఆవిడని పట్టించుకోలేదని ఒకరు, తనని అడక్కుండానే ఉండిపోతానని మాట ఇచ్చేశాడని ఇంకొకరు. నాయనమ్మ దగ్గర రెండో కథే. "మొగుడు ఇల్లు మార్చేటప్పుడు పెళ్లాన్ని ఒక మాట అడగొద్దా?" అని మా తాత వైపు చూసి మరీ చెప్పేది.

ఆ చీలికలోకి దూరడం నాకు ఈ రోజుకీ గుర్తే. ఎదురుగా నిలబడితే ఇందులో మనిషి పడతాడా అనిపిస్తుంది. ఒక పక్కకి తిరిగి, ఊపిరి కాస్త బిగబట్టి, ఒక చెయ్యి ముందు పెట్టి కదలాలి. బయట మే నెల ఎండ, లోపల రాయి చల్లగా ఉంటుంది. భుజాలు తగిలే ఎత్తులో బండ నున్నగా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. ఎన్ని తరాల చెమట, తలనూనె, తడిసిన కండువాలు రుద్దుకుంటే రాయి అలా అవుతుంది? ఆ నునుపు మీద అక్కడక్కడా పసుపు చేతి గుర్తులు. తలెత్తితే పైన సన్నటి ఆకాశం. ముందు పోయే మనిషి వీపు తప్ప ఏమీ కనపడదు. మధ్యలో ఎవరో భయపడి ఆగిపోతారు. వెనక నుంచి "గోవిందా" అంటారు, ముందు వాళ్లు కదులుతారు. ఎంత లావు మనిషినైనా ఆ బండ బిగించదు, దారి ఇస్తుంది అనేది మా వైపు గట్టి నమ్మకం. మా పెద్దత్త భారీ మనిషి. ప్రతిసారీ ఇక్కడికొచ్చి ఆగిపోయేది, నేను రాను మీరు పోయి రండి అనేది. ఒకసారి నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని "నిన్ను కాదే, నీలో ఉన్న దిగులు వదిలిపెట్టి రమ్మంటోంది, రా" అని లాక్కుపోయింది. అవతల పక్క తేలాక అత్త అక్కడే మెట్టు మీద కూలబడి ఎంతసేపు ఏడ్చిందో. మామయ్య పోయిన ఏడాది అది. ఆ తర్వాత ఆవిడ మళ్లీ మనుషుల్లో పడింది. అది బండ మహిమ అంటే నేను కాదనను.

మా అమ్మది మాత్రం పెంచలకోన వైపు. రాపూరు దగ్గరి పల్లె. వాళ్లింట్లో అందరూ పెంచలయ్యలు, పెంచలమ్మలు. ఇద్దరు నరసింహులు మా ఇంట్లో ఉండేవాళ్లని చెప్పొచ్చు. అమ్మ చెప్పే కథలో స్వామి హిరణ్యకశిపుణ్ణి చంపాక కోపం దిగక అడవులు పట్టి తిరుగుతుంటాడు. అక్కడ చెంచుల పిల్ల ఎదురవుతుంది. ఆ పిల్లని చూడగానే ఆ మహోగ్రం అంతా చల్లారిపోతుంది. చెంచులక్ష్మిని పెళ్లి చేసుకుని అక్కడే శిలారూపంలో ఉండిపోతాడు. ఇది తెలిసి ఆదిలక్ష్మి అమ్మవారు కోపంతో ఏరు దాటి అవతల ఒడ్డుకి పోయి నిలబడుతుంది. ఇప్పటికీ ఆవిడ గుడి వేరేగా, దూరంగానే ఉంది. పిల్లలు లేని ఆడవాళ్లు ఆ తల్లి గుడి దగ్గర వరపడతారు, తడిబట్టలతో నేల మీద పడుకుని, కలలో పువ్వో పండో కనిపిస్తే కోరిక తీరుతుందని లేస్తారు.

శ్రావణమాసంలో పనులయ్యాక రాత్రి అమ్మా నాయనమ్మా వరండాలో కూర్చుని ఈ ఇద్దరు అమ్మవార్ల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఏరు దాటిన ఆవిడ బాధ పెద్దదా, బండ చీల్చుకుపోయిన ఆవిడ కోపం పెద్దదా అని. అత్తాకోడళ్లకి వంటింట్లో ఎన్ని పేచీలు ఉన్నా ఇక్కడ మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. తల్లి దూరంగా ఉన్నా దర్శనానికి పోయినవాడు ఆవిడ్ని కూడా చూసి రావాల్సిందే, స్వామి ఒక్కడినే చూసి వస్తే మొక్కు సగమే. అలిగి పోయిన ఆడమనిషికి కూడా ఒక గుడి, ఒక దారి, ఒక రోజు కేటాయించిన కథలు ఇవి. చిన్నప్పుడు తెలియలేదు గాని ఇప్పుడు తలుచుకుంటే, వాళ్లిద్దరూ తమ గురించి కూడా మాట్లాడుకునేవాళ్లేమో అనిపిస్తుంది.

మాలకొండ మీద పెళ్లిళ్లు ఎక్కువ. ముహూర్తం శనివారం పడితే ఒకే పూట ఎన్నో జంటలు, ఎవరి బాజాలు ఎవరివో తెలియదు. మా వైపు కరువు ఏడాదుల్లో, పొగాకు ధర పడిపోయిన ఏడాదుల్లో, ఊళ్లో పందిరేసి భోజనాలు పెట్టలేని వాళ్లు కొండ మీద పెళ్లి చేసేవాళ్లు. ఊళ్లో ఘనంగా చేయలేదన్న చిన్నతనం ఉండేది కాదు, స్వామి సన్నిధిలో చేశామన్న గౌరవం ఉండేది. మా చిన్నక్క పెళ్లి అలాగే అయింది. సత్రం వరండాలో చాప మీద కూర్చుని ఆకుల్లో పులిహోర తిన్నాం. అక్క ఇప్పటికీ వాళ్ల కోడళ్లకి ఆ పెళ్లి గురించి గొప్పగా చెబుతుంది.

ఇప్పుడు కొండ మీదికి రోడ్డు ఉంది. కార్లు పైదాకా పోతున్నాయి, క్యూలైన్లు, టికెట్లు వచ్చాయి. వృద్ధులకి అది మంచిదే. రోజూ గుడి తీస్తే జనానికి సౌకర్యం, ఆదాయం కూడా కదా అనేవాళ్లు అప్పుడప్పుడూ తగులుతుంటారు. దానికి మాత్రం నా మనసు ససేమిరా ఒప్పుకోదు. శనివారం ఆ కొండ మీద ఎన్ని వేల కాళ్లు తిరుగుతాయో, ఎన్ని పొయ్యిలు రాజుకుంటాయో చూసినవాడెవడైనా మిగతా ఆరు రోజులు దానికి ఎందుకు అవసరమో ఒప్పుకుంటాడు. మనిషి కాలు పెట్టని రోజులు ఉండబట్టే అక్కడ చెట్టు నిలిచింది, కోతి నిలిచింది, బండ కింద నీళ్లు నిలిచాయి. దేవతలూ గంధర్వులూ వస్తారని నమ్మేవాళ్లకి అది వాళ్ల పూజ సమయం. నమ్మని వాళ్లు కూడా ఆ కొండని ఆరు రోజులు దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు. పైగా వారం రోజులు ఎదురుచూసి పోయిన దర్శనానికి ఉండే ఆత్రం, ఎప్పుడంటే అప్పుడు దొరికే దర్శనానికి ఉండదు. ఇది నేను అనుభవంతో అంటున్న మాట.

పోయిన వారం మా పెద్దక్క ఫోన్ చేసింది. మనవడి పుట్టువెంట్రుకలు ఈ శ్రావణంలో తీయిస్తున్నారట. అమెరికాలో పుట్టిన పిల్లాడు, పాస్‌పోర్టులో వేరే పేరు ఉంది. అయినా కొండ మీద పిలవడానికి మాల్యాద్రి అని పెట్టాలని అక్క పట్టుబట్టింది, కోడలు సంతోషంగా ఒప్పుకుందట. అమెరికా నుంచి వాళ్లకి దొరికిన టికెట్లు ఆదివారం దిగేవి. మార్చుకోండి, స్వామి మీ విమానం కోసం తలుపు తీయడు అని చెప్పింది అక్క. వాళ్లు మార్చుకున్నారు. నన్ను శుక్రవారం రాత్రికే కందుకూరు చేరమంది, శ్రావణ శనివారం రద్దీకి తెల్లారి నాలుగింటికి బయలుదేరకపోతే దారిలోనే పొద్దెక్కుతుందని. కొత్త కుండ తను కొంటుందట. పుల్లలు మాత్రం మన ఇంటివే తీసుకురా అంది. ఊళ్లో మా పాత పెరట్లో వేపచెట్టు కొమ్మలు కొట్టించి ఎండలో వేయించాను.